కుడికి తిరగాల

డెబ్బై ఒకటో సంవత్సరం జావా.
ట్యాంకు మీది ఎరుపు
మోకాళ్ళు రాసుకున్న చోటల్లా ఇనుము తేలింది.
వెనక సీట్లో మనిషి లేడు, హార్మణి పెట్టె ఉంది,
సైకిలు ట్యూబుతో మూడు చుట్లు.
దాని వెనక ఒక టెయిలు లైటు ఉందని
నాకూ దేవునికీ తప్ప ఎవురికీ తెలీదు.

ఆట మూడుకు ముగుస్తుంది.
మంగళం అయినాక రాజులంతా మొగాన రంగు తుడుచుకొని
బీడీలు ముట్టిస్తారు.
నేను తిత్తి మూసి, పెట్టె కట్టుకొని
పత్తికొండ రోడ్డున పడతాను.
బేతంచెర్ల బండల లారీలు
వెనకనించి తెల్లగా మీదికొస్తాయి.

తుగ్గలి దాటినాక మా ఊరి మలుపు. కుడికి.
చాపాల్సింది కుడిచెయ్యి,
ఎక్సిలేటరు ఉండేదీ ఆ చేతిలోనే.
వదిలితే బండి ఊపిరి పట్టుకుంటుంది.
వదలకుంటే నేనెటు పోయేదీ లారీవానికి తెలీదు.

ముప్పై ఏండ్లు ఈ బాధ లేదు నాకు.
వెనక తబలా సుంకన్న ఉన్నాడు.
ఒళ్ళో హార్మణి, ఎడం భుజానికి డగ్గా సంచి,
కుడిచేతిలో ఎర్ర గాజుకాగితం చుట్టిన బ్యాటరీ లైటు.
మలుపు ఫర్లాంగు ఉందనంగానే
చెయ్యి చాపి, వెలిగిస్తా ఆర్పుతా,
అదీ తాళంలోనే.
"ముందర నువ్వు సూడు మాలింగన్నా,
వెనకది నా పని" అనేటోడు.

పోయినేడు ఆయన చూపును నీటికాసులు తినేసినాయి.

గుత్తిలో దూదేకుల పకీరప్ప షెడ్డు.
"ఇన్నేండ్లు లేంది ఇప్పుడెందుకు మాస్టరూ?"
చెప్పలేదు నేను.
నాలుగు దీపాలు, ముద్దబంతి రంగు మూతలు.
పెట్టెకన్నా బెత్తెడు బయటికి కనపడాలని
ఇనపపట్టీలు వంచి చెవుల మాదిరి బిగించినాడు.
ఆరు వోల్టుల రిలే గుంతకల్లులో లేదు, ఆదోనిలో లేదు,
ఆయన షెడ్డు వెనకే తుప్పు పట్టిన స్కూటరు కడుపులో దొరికింది.

మొదట కొత్తరకం ఎల్ఈడీ బల్బులు వేసినాడు.
వెలిగినాయి.
వెలిగి అట్లనే నిలబడినాయి, రెప్ప కొట్టవే!
పకీరప్ప గెడ్డం గీరుకున్నాడు.
"ఇవి కరెంటు సరిగా తినవు, రిలేకి బరువు చాలదు.
బరువు లేంది దరువు వేయదు మాస్టరూ."
పాత తీగబల్బులు డబ్బా అడుగునించి తీసి
చొక్కాకు తుడిచి పెట్టినాడు.
టిక్కు. టక్కు.
టిక్కు. టక్కు.
నాకెందుకో గొంతు పట్టుకుంది.
టీ తెస్తానని బయటికి పోయినాను.

ఆ వారమే మద్దికెరలో ఆట.
వచ్చేటప్పుడు మలుపు కాడ
ఎడం బొటనవేలితో స్విచ్చి జరిపినాను.
కుడిచెయ్యి దాని పని అది చేసుకుంటాంది.
అద్దంలో లారీ దీపం దించింది. నెమ్మదించింది.
రెండు ముద్దబంతుల మాట విని
పదహారు టన్నుల బండలు
ఒక హార్మణి కోసం ఆగినాయి.

ఊళ్ళో సుంకన్న వాకిట్లో నులకమంచం.
ఆ మనిషికి నిద్ర పట్టదు, నాకు తెలుసు.
బండి ఆపినా, ఇంజను ఆపలేదు,
దీపం ఆపడం మరిచిపోయినా.
"ఏందన్నా ఆ సప్పుడు?"
"సైడు లైట్లు."
లేచి కూర్చున్నాడు. చూపు ఎటో ఉంది,
చెవి మాత్రం సరిగ్గా రిలే మీద ఉంది.
వేళ్ళు మంచంపట్టె మీదికొచ్చినాయి.
ఇంజను నిదానంగా కొట్టుకుంటాంది,
ముసలి బ్యాటరీ, దరువు జారతాంది.
"పడిపోతాంది కాలం, పడిపోతాంది! రేసియ్యి!"
ఇచ్చినా.
"ఆఁ... ఇంకొంచెం... అంతే, పట్టుకో."
పట్టుకున్నా.
మంచంపట్టె మీద ఆయన, హ్యాండిలు మీద నేను,
పక్కింటి కుక్క ఒకసారి మొరిగి మానుకుంది.
ఎంత పెట్రోలు పోయిందో నేను చూడలేదు.

చాలించి లేవబోతే అడిగినాడు:
"ఎడమదీ ఇదే సప్పుడా?"

మా యిల్లు ఎదురుగానే, నిట్టనిలువు దారి.
ఎడమకు తిరిగే పనే లేదు నాకు.
స్విచ్చి ఎడమకు జరిపినా.